ట్రంకు పెట్టెలోకి బుడమేరు వచ్చిన ఏడాది మా బొమ్మల కొలువు

మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం. అత్తయ్య కాపురానికి వచ్చినప్పటి నుంచీ, మైల వచ్చిన ఒక్క ఏడాది తప్పితే ఎప్పుడూ మానలేదు. ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేరాలన్నది ఇంటి ఆనవాయితీ. అలా చేరి చేరి రెండు ట్రంకు పెట్టెలయ్యాయి. పాత చీర ముక్కల్లో ఒక్కో బొమ్మా చుట్టి, మధ్య మధ్య ఎండు వేపాకు వేసి, పెట్టెలు రెండూ మంచం కింద పెట్టేవాళ్లం.

మాది విజయవాడ సింగ్‌నగర్. కింది వాటా. 2024 సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున్న ఏం జరిగిందో ఇక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. బుడమేరు వాగు కట్టలు తెగి మా వీధిలోకి వచ్చేసింది. పిల్లలిద్దర్నీ, అత్తయ్యనీ, గ్యాసు బండనీ, కాగితాల సంచినీ పైవాటాకి చేర్చేసరికి గదిలో నీళ్లు నడుము దాకా వచ్చాయి. బొమ్మల పెట్టెలు అప్పుడు ఎవరికీ గుర్తు లేవు. గుర్తొచ్చినా మోసే చేతులు లేవు.

తొమ్మిదో రోజున ఇంట్లోకి దిగాం. బురద ఎత్తిపోయడానికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాతే అత్తయ్య మంచం కింద నుంచి పెట్టెలు లాగించారు. మూత తీస్తే లోపల మట్టిబొమ్మలన్నీ మళ్లీ మట్టే అయిపోయాయి. చెట్టి దంపతులు, కోలాటం ఆడేవాళ్లు, పాములవాడు, అందరూ కలిసి ఒకే ముద్ద. ఒక చీరముక్క విప్పితే అందులో ఒక ముక్కుపుడక రంగు, కాస్త పెదాల ఎరుపు అంటుకుని కనిపించాయి. ఆవిడ ఏడవలేదు. ఆ ముక్కని పిండి దండెం మీద ఆరేశారు. అది చూసి నేనే ఏడ్చాను.

కొయ్య బొమ్మలు మాత్రం రకరకాలుగా మిగిలాయి. తిరుపతి నుంచి తెచ్చిన ఎర్రచందనం ఆలుమగలకి ఏమీ కాలేదు. తుడిస్తే చాలు, కొత్తవాటిలా ఉన్నారు. ఏటికొప్పాక లక్కపిడతలకి అక్కడక్కడ చీలికలు వచ్చినా లక్క రంగు చెక్కు చెదరలేదు. కొండపల్లి బొమ్మల రంగు మాత్రం పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది, అతుకులన్నీ ఊడిపోయాయి. అంబారీ ఏనుగుకి తొండం లేదు, తాటిచెట్టుకి మట్టలు లేవు, చెట్టెక్కే గీత మనిషి విడిగా పడున్నాడు. ఊడిన ముక్కలన్నీ ఏరి ఒక స్టీలు డబ్బాలో వేశాను. ఆ డబ్బా మూడు నెలలు వంటింటి అలమారలోనే ఉండిపోయింది.

కార్తీకం వెళ్లాక ఒకరోజు మా చిన్నాడు, రెండో తరగతి చదువుతున్నాడు, ఆ డబ్బా దింపి బకెట్టు నీళ్లలో ఒక్కో ముక్కా వేస్తూ కూచున్నాడు. తిడదామని వెళ్లాను. "అమ్మా, చూడు. ఏనుగు తేలుతోంది, ఈ అమ్మా నాన్నా బొమ్మలు మునిగిపోతున్నాయి" అన్నాడు. నిజమే. తొండం లేని కొండపల్లి ఏనుగు బెండులా నీళ్ల మీద ఊగుతోంది. ఎర్రచందనం జంట గుండురాళ్లలా అడుగున కూచుంది. వాడికి అదొక పెద్ద సంగతి. "అయితే మన పెట్టెలో నీళ్లొచ్చినప్పుడు ఏనుగు పైకి వచ్చి ఉంటుంది కదా? మూతకి కొట్టుకుని ఉంటుంది కదా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే మా ఆయనతో చెప్పాను, ఈసారి కొలువుకి బొమ్మలు కొనొద్దు, పిల్లలతో చేయిద్దాం అని.

డబ్బు సంగతి కూడా ఉంది, దాచడం ఎందుకు. ఫ్రిజ్జు, పరుపులు, మా ఆయన బండి ఇంజను, అన్నీ ఆ నీళ్లలో పోయాయి. వంద బొమ్మలు కొనే స్తోమత ఆ ఏడాది మాకు లేదు. కానీ ఉన్నా కొనేదాన్ని కాదేమో. ఆ డబ్బా అలా మూలన పెట్టి కొత్త బొమ్మలు తెచ్చి మెట్ల మీద పేర్చడానికి నాకు మనసొప్పలేదు.

డిసెంబరు రెండో ఆదివారం పిల్లల్ని కొండపల్లి తీసుకెళ్లాను. మాకు గంట ప్రయాణం కూడా ఉండదు. కోట కింద బొమ్మల కాలనీలో ఏ అరుగు మీద చూసినా పనే. ఒక పెద్దాయన దగ్గర ఆగి స్టీలు డబ్బా మూత తీసి చూపించాను. ఆయన తొండం చేతిలోకి తీసుకుని, వెనక ఊడిన చోట బొటనవేలితో రుద్ది, "మక్కు కరిగిందమ్మా, కొయ్యకేం కాలేదు" అన్నారు. మా పెద్దది, ఆరో తరగతి, వెంటనే అడిగింది: "మక్కు అంటే ఏంటి తాతయ్యా?"

ఆ ప్రశ్నతో ఆయనకి మా మీద అభిమానం కలిగినట్టుంది. పని పక్కన పెట్టి చెప్పారు. కొండపల్లి బొమ్మని ఒకే చెక్కలోంచి తొలవరు. తెల్ల పొణికి కర్ర తెచ్చి, సన్నని సెగ మీద తడి పోయేదాకా కాచి, మొండెం వేరుగా, చేతులు వేరుగా, తల వేరుగా చెక్కుతారు. ఆ ముక్కల్ని కలిపేది మక్కు. చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్ద. కన్ను, ముక్కు, నగ, చీర అంచు లాంటి ఎత్తు పనులు కూడా దానితోనే దిద్దుతారు. అది ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, తెల్లపూత పూసి, అప్పుడు రంగులు. "కర్ర తేలికమ్మా, అందుకే మీ ఏనుగు తేలింది" అని మా వాడికి చెప్పి, చిత్తులో పడున్న పొణికి ముక్కలు నాలుగు వాడి చేతిలో పెట్టారు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆయన దగ్గర ఒక ఎద్దుల బండి కొన్నాం. ఆ ఏడాది కొన్నది అదొక్కటే.

మక్కు ఇంట్లో చేయడం ఎలాగో రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. చింతగింజలు కొత్త చింతపండు కొట్టే వాళ్ల ఇంట్లో ఎన్నైనా దొరుకుతాయి. బాణలిలో ఇసుక వేసి గింజల్ని చిటపటలాడేదాకా వేయించాలి. రోకలితో మెల్లగా కొడితే నల్ల పొట్టు ఊడుతుంది. తెల్ల పప్పుని ఒక రాత్రంతా నానబెట్టి రుబ్బితే జిగురు జిగురుగా వస్తుంది. కాస్త నీళ్లు పోసి సన్న సెగ మీద ఉడికించి, చల్లారాక జల్లించిన రంపపు పొట్టు కలపాలి. మొదటిసారి పొట్టు ఎక్కువై పొడిపొడిగా రాలిపోయింది. రెండోసారి చెయ్యి కాస్త అదుపులో పెట్టుకున్నాను. ముద్ద గారెల పిండిలా ఉండాలి, వేలికి అంటుకోవాలి, వేలు తీస్తే సాగకూడదు.

తొండం అతికింది మా పెద్దది. ఊడిన చోట పాత మక్కు గోటితో గీకేసి, రెండు వైపులా తడి చేసి, చిక్కుడు గింజంత ముద్ద పెట్టి, తొండం ఆనించి పట్టుకుంది. ఎంతసేపు పట్టుకోవాలో తెలియక అలా పట్టుకునే కూచుంది. అన్నానికి పిలిస్తే రాలేదు. వాళ్ల నానమ్మ పక్కన కూచుని నోట్లో ముద్దలు పెట్టారు. చివరికి దారంతో కట్టి వదిలేశాం. రెండు రోజులకి గట్టిపడింది. అతుకు దగ్గర చిన్న బుడిపె మిగిలింది. ఉప్పుకాగితంతో రుద్దేద్దామంటే పిల్ల ఒప్పుకోలేదు, ఉండనీ అంది. ఇప్పటికీ ఉంది.

అలా ఇరవై మూడు పాత బొమ్మలు మళ్లీ నిలబడ్డాయి. మిగతావి కొత్తగా చేయాలి. దానికి కాగితం గుజ్జు.

మా అమ్మమ్మ కాలంలో పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి వెదురు చాటలకీ బుట్టలకీ అలికేవారు. చిల్లులు పూడి, పిండి జల్లుకోవడానికి వీలుగా ఉండేవి. అత్తయ్యకి ఆ పని వచ్చు. వారం రోజుల దినపత్రికలు పిల్లలు చింపారు. కత్తెరతో కత్తిరించకూడదు, చేత్తోనే చింపాలి, అప్పుడే అంచుల్లో పీచు లేచి ముద్ద పట్టు కుదురుతుంది. రెండు రాత్రులు నీళ్లలో నానాక గట్టిగా పిండేసి, విడిగా నానిన మెంతులు కలిపి రోట్లో రుబ్బాం. మిక్సీలో వేస్తే కాగితం పీచు బ్లేడుకి చుట్టుకుంటుంది, మోటారు వేడెక్కుతుంది, వద్దు. రోలు లేనివాళ్లు బకెట్టులో వేసి పప్పుగుత్తితో మెదపొచ్చు, ముద్ద కాస్త గరుగ్గా వస్తుంది, అంతే. మెంతి జిగురు చాలు, వేరే జిగురు అక్కర్లేదు. పురుగు పట్టకుండా పూర్వం మైలుతుత్తం వేసేవారట. అది విషం, పిల్లలు చేతులు పెట్టే ముద్దలో నేను వేయనివ్వలేదు. వేపాకు మరిగించిన నీళ్లు కలిపాం.

మొదటి విడత పాడైంది. తప్పు నాది. ముద్ద నిండుగా దొరికింది కదా అని బొమ్మలన్నీ పూర్తిగా ముద్దతోనే చేయించాను. ఒక్కోటి కొబ్బరికాయంత లావు. క్రిస్మస్ ముందు ముసురు పట్టింది, డాబా మీద ఎండ లేదు. పైన ఆరినట్టే ఉంది, లోపల తడి. నాలుగో రోజుకి నల్లగా బూజు, పులిసిన వాసన. పదకొండు బొమ్మలు. పిల్లలు పేర్లు కూడా పెట్టేసుకున్నారు వాటికి. పారేయాలి అనగానే చిన్నాడు బిక్కమొహం వేసి, "మళ్లీనా?" అన్నాడు. ఆ ఒక్క మాటకి నా కాళ్లు చల్లబడ్డాయి. వాడికి అది బూజు పట్టిన కాగితం కాదు, పెట్టెలో పోయిన బొమ్మలు ఇంకోసారి పోవడం.

అప్పుడు అత్తయ్య ముందుకొచ్చారు. వాణ్ని ఒళ్లో కూచోబెట్టుకుని, ఒక బొమ్మని విరిచి లోపల చూపించారు. "ఇదుగో, ఇక్కడ గాలి ఆడలేదు నాన్నా. అందుకే కుళ్లింది. ఈసారి లోపల ఖాళీగా చేద్దాం" అని. కారణం కంటికి కనపడేసరికి వాడు తేరుకున్నాడు. ఆ సాయంత్రమే మళ్లీ కాగితాలు చింపడం మొదలుపెట్టాడు. పిల్లల పని పాడైనప్పుడు "పోన్లే, ఇంకోటి చేద్దాంలే" అనడం కంటే ఎందుకు పాడైందో విప్పి చూపించడం మంచిదని ఆ రోజు నాకు తెలిసింది.

రెండో విడతకి లోపల పొడి కాగితం ఉండ చేసి, దారం గట్టిగా చుట్టి, దాని మీద అరచేతి చర్మమంత పలచగా గుజ్జు అద్దాం. ఒక పొర వేసి ఒక రోజు ఎండ, మళ్లీ పొర. మూడు పొరలకి గట్టి పెంకు వచ్చింది. వేలితో కొడితే టక్కుమంది. చేతులకీ కాళ్లకీ చీపురు పుల్లలు గుచ్చి వాటి మీద గుజ్జు పట్టించాం. తెల్లపూతకి సుద్దముక్కలు నూరి జిగురులో కలిపాం. ఆ తర్వాత పోస్టరు రంగులు. ఎరుపు అయిపోతే పసుపూ సున్నమూ కలిపాను. పసుపు పచ్చటిది, సున్నం తెల్లటిది, కలిపితే పారాణి ఎరుపు. పిల్లలిద్దరూ నోరు తెరుచుకుని చూశారు. సున్నం వాళ్లని ముట్టనివ్వలేదు, చర్మం మండుతుంది, నేనే కలిపి కుంచెతో అద్దించాను. అయితే ఆ రంగు నిలవదు. భోగికి ఎర్రగా ఉన్న చీర కనుమ నాటికి ఇటుక రంగుకి దిగింది. దానికి పోస్టరు రంగే మేలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

కొలువులో మెట్ల పక్కన నేల మీద ఏదో ఒక ఊరు కడతారు, అందరికీ తెలిసిందే. ఇసుక కొండ, అద్దంతో చెరువు, మొలకలతో పొలం. మొలకలకి ఆవాలు భోగికి వారం ముందు, మెంతులు నాలుగైదు రోజుల ముందు తడి మట్టిలో చల్లితే సరిపోతుంది. మూడు పళ్లేల్లో చల్లాం. ఊరు ఏం కడదాం అని పిల్లల్ని అడిగితే, గుడీ, జూ, రైల్వే స్టేషనూ అంటారనుకున్నాను. చిన్నాడు, "మన వీధి. నీళ్లొచ్చినప్పటి వీధి" అన్నాడు. వాళ్లక్క ఒక్క క్షణం వాడి వైపు చూసి, "డాబా మీద మనం, కింద పడవలు" అంది.

అత్తయ్యకి నచ్చలేదు. "పండగ పూట ఆ వరదెందుకే? ఇంటికి నలుగురు ముత్తయిదువులు వస్తారు. శుభమా అని కొలువు పెట్టుకుంటూ..." అన్నారు. ఆవిడ మాటలో తప్పు లేదు. నాకూ గుండెలో ఏదోలా అయింది. సెప్టెంబరులో వరద వచ్చిన ఆ రెండ్రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. రాత్రిపూట ఆ అంకెలు ఫోన్లో చూస్తూ, ఒక పక్క బుడమేరు, ఇంకో పక్క కృష్ణమ్మ, మేం ఎటు పోవాలి అనుకుంటూ మెట్ల మీద కూచున్న మనిషిని నేను. దాన్ని మళ్లీ బొమ్మల్లో చూడాలా? రెండు రోజులు ఏమీ తేల్చలేదు. కానీ పిల్లలు అప్పటికే మొదలుపెట్టేశారు. చిన్నాడు కొండపల్లి పెద్దాయన ఇచ్చిన పొణికి ముక్కని నేలకి రుద్ది రుద్ది పడవ చేశాడు. ఉలి లేదు, చాకు ఇవ్వలేదు, గచ్చు గరుకే వాడి పనిముట్టు. పొణికి మెత్తన కాబట్టి అరిగింది. రోజూ కాస్త రుద్దడం, బకెట్టులో వేసి చూడడం, ఒక పక్కకి ఒరిగితే ఆ పక్క ఇంకాస్త రుద్దడం. ఎవరూ చెప్పకుండా. పడవ నిటారుగా తేలిన రోజు వాడు వీధిలో వాళ్లందరినీ పిలుచుకొచ్చాడు.

పెద్దది డ్రోను చేసింది. అప్పట్లో మా డాబాల మీదికి డ్రోన్లతో అన్నం పొట్లాలు దింపారు, పిల్లలు భయం మరిచిపోయి ఆకాశం కేసి చూసింది అప్పుడే. అగ్గిపుల్లలు అడ్డంగా నిలువుగా అతికించి, నాలుగు కొసలకీ నాలుగు చొక్కా గుండీలు పెట్టింది. కింద దారానికి గోరంత అరిటాకు పొట్లం. దాన్ని ఫ్యాను కొక్కేనికి సన్న దారంతో వేలాడదీసింది. కిటికీ తీస్తే తిరుగుతుంది.

నీళ్లకి నీలం కాగితం తెస్తానంటే చిన్నాడు వద్దన్నాడు. "ఆ నీళ్లు నీలంగా లేవమ్మా." నిజమే కదా. అప్పుడు అత్తయ్య లోపలికి వెళ్లి ఒక చీర పట్టుకొచ్చారు. మీగడ రంగు కోటా చీర, బీరువా అడుగు అరలో తడిసింది. ఎన్ని ఉతుకులు ఉతికినా బురద గోధుమ రంగు వదల్లేదు, అంచు పొడవునా అలలు అలలుగా మరక. "ఇది పరవండి" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ చీర పరిచేసరికి ఇక ఏ రంగూ అక్కర్లేకపోయింది. అట్టపెట్టెలు మేడలయ్యాయి. మేడల మీద గుజ్జు మనుషులు. మా మేడ మీద అత్తయ్య కుర్చీలో, మా ఆయన టార్చి పట్టుకుని, నేను ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని. పక్క మేడ మీద ఒక ఆవు కూడా ఉంది. అది కూడా నిజమే, ఆ ఆవుని మెట్లెక్కించి కాపాడారు.

పేరంటానికి ఇచ్చే కానుకల సంగతి కూడా చెప్పాలి. ఏటా స్టీలు గిన్నెలో, ప్లాస్టిక్ డబ్బాలో కొని ఇచ్చేవాళ్లం. ఈసారి మరకలు పోని చీరలు పదమూడు ఉన్నాయి. వాటిలో బాగున్న భాగాలు కత్తిరించి తాడు లాగితే మూతపడే చిన్న సంచులు కుట్టాం. ముప్పై ఆరు. కత్తిరించడం నేను, కుట్టు అత్తయ్యా పెద్దదీ, తాడు ఎక్కించడం చిన్నాడు. పిన్నీసుకి తాడు కట్టి గొట్టంలోంచి లాగడం వాడికి ఎంత ఇష్టమైందంటే తీసేసి మళ్లీ ఎక్కించేవాడు. ఒక్కో సంచిలో పసుపు కుంకుమ పొట్లాలు, పిల్లలు రంగు వేసిన మట్టి ప్రమిద ఒకటి. ప్రమిద లోపలి వైపు రంగు వేయకండి, నూనెలో దిగుతుంది. బయటి వైపే వేయాలి.

ఒక కానుక మాత్రం విడిగా చేశారు. తొమ్మిది రోజులు మమ్మల్ని తన ఇంట్లో పెట్టుకున్న పైవాటా పిన్నిగారికి. ఆవిడ ఇంట్లో ఆ రోజుల్లో పద్నాలుగు మందిమి. రెండు గ్యాసు బండలు, ఉన్న బియ్యం, పెసరపప్పు. రోజుకి రెండుసార్లు పులగం. అందరూ తిన్నాక అడుగు గోకి తినేవారు ఆవిడ. పిల్లలు ఆవిడ బొమ్మే చేశారు. పచ్చ చీర, ముడి, చేతిలో గరిట, ముందు పెద్ద గిన్నె. గిన్నెలో నిజం పెసరపప్పు నాలుగు గింజలు అతికించారు. మెడలో నల్లపూసలకి ఆవాలు గుచ్చలేక మక్కు చుక్కలు పెట్టి నల్లరంగు వేసింది పెద్దది. అగ్గిపుల్ల కొసతో, ఊపిరి బిగబట్టి.

2025 జనవరి 13, భోగి. పొద్దున మంట అయ్యాక మెట్లు పేర్చాం. ఇనప స్టాండు తుప్పు పట్టి పోయింది కాబట్టి ఇటుకలు, బల్లచెక్కలు, బియ్యం డబ్బాలు వరసగా పెట్టి అయిదు మెట్లు కట్టి, మా ఆయన తెల్ల పంచె పరిచాం. పై మెట్టు మీద ముందు పసుపు వినాయకుడు, తర్వాత దేవుళ్లు. ఎర్రచందనం ఆలుమగలు మధ్యలో. అతికించిన ఏనుగు రెండో మెట్టు మీద, బుడిపె ఉన్న వైపు జనానికి కనిపించేలా పెట్టింది పెద్దది. కింద మెట్టు మీద లక్కపిడతలు. సాయంత్రం చిన్నాడికి భోగిపళ్లు పోశాం. రేగిపళ్లు, చెరుకు ముక్కలు, బంతిపూల రెక్కలు, నానిన శనగలు, చిల్లర. రెండు రేగిపళ్లు దొర్లి వెళ్లి పడవ పక్కన ఆగాయి. వాణ్ని తీయనివ్వలేదు వాళ్లక్క, "ఉండనీ, బాగుంది" అని.

పేరంటాళ్లు వచ్చారు. అందరూ మా వీధివాళ్లే, ఆ నీళ్లు చూసినవాళ్లే. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను కానీ మెట్ల వైపు ఎవరూ ఎక్కువసేపు చూడలేదు. అందరూ కింద ఆ చీర చుట్టూ చేరారు. ఒకావిడ వంగి, "ఇది మా మేడే కదూ? మా ఆవే కదూ?" అంది. ఇంకొకావిడ, "మా చిన్న సందు లేదేం? పాలపాకెట్లు అందక మా పిల్లాడు ఎంత ఏడ్చాడో, మా సందులోకి పడవే తిరగలేదు" అంది. చిన్నాడు వెంటనే లోపలికి పరుగెత్తి ఒక అగ్గిపెట్టె తెచ్చి ఆవిడ చెప్పిన చోట పెట్టాడు. "ఇదాండీ?" "కాస్త ఇటు." జరిపాడు. ఆ పక్కన తన పడవ తెచ్చి నిలిపాడు. ఆవిడ మరి మాట్లాడలేదు. వాడి తల మీద చెయ్యి వేసి అలా నిలబడిపోయింది.

ఆ సాయంత్రం హారతి ఆలస్యమైంది. కూచున్నవాళ్లు లేవలేదు. సెప్టెంబరు నుంచి ఎదురుపడినప్పుడల్లా నష్టపరిహారం వచ్చిందా, ఫ్రిజ్జు బాగైందా అనే మాటలే మాట్లాడుకున్నాం. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏం తిన్నారు, రాత్రి ఏం వినిపించింది అన్నది ఒకరికొకరం చెప్పుకున్నది ఆ రోజే. అత్తయ్యే అందరికంటే ఎక్కువ చెప్పారు.

పిన్నిగారికి సంచీ తాంబూలంతో పాటు బొమ్మ పెద్దది స్వయంగా ఇచ్చింది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, గిన్నెలోని పెసరపప్పు గింజల్ని వేలితో తడిమి, "ఉప్పు చాలిందా?" అని అడిగారు. ఆ తొమ్మిది రోజులూ వడ్డించేటప్పుడు ఆవిడ అడిగిన మాటే అది. పిల్లలిద్దరూ ఒక్కసారే "చాలింది అమ్మమ్మగారూ" అన్నారు.

ముక్కనుమ నాడు హారతిచ్చి, ఒక బొమ్మని పడుకోబెట్టి కొలువు ఎత్తాం. ఇప్పుడు పెట్టెలు మంచం కింద లేవు, అటక మీదికి ఎక్కించాం. జనవరి 26న టీవీలో ఢిల్లీ కవాతు వస్తోంది. ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే. అత్తయ్య చూసి, "మన లక్కపిడతలు దించండర్రా, పక్కన పెట్టుకుని చూద్దాం" అన్నారు. నిచ్చెన వేసి మా ఆయన పెట్టె మూత తెరిచారు. లక్కపిడతలు తీసిచ్చి, శకటం వెళ్లిపోయాక మళ్లీ అన్నీ సర్దాం. చిన్నాడు మాత్రం పడవని లోపల పెట్టనివ్వలేదు. పెట్టె పిడికి దారంతో కట్టి, మూత మీద పెట్టించాడు. ఇప్పుడు కూడా వంటింట్లో నిలబడి తలెత్తితే అది కనిపిస్తుంది.